అమ్మ ఒడి సీటు బెల్టు కాదు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్లకు, రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ కార్యదర్శులకు,

నమస్కారాలు. నేను ఒక జిల్లా కేంద్రంలో 26 ఏళ్లుగా పిల్లల వైద్యురాలిగా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో లెక్కలేనన్నిసార్లు చూసిన ఒక దృశ్యంతో ఈ లేఖ మొదలుపెడతాను. కాన్పయిన తల్లిని ఇంటికి పంపే రోజున కారు ఆసుపత్రి మెట్ల దాకా వస్తుంది. కుట్లు లాగకుండా కాళ్లు చాపుకోవచ్చని ఆమెను ముందు సీటులో కూర్చోబెడతారు. అమ్మమ్మ బిడ్డ బుగ్గకూ అరికాలికీ దిష్టిచుక్క పెట్టి, చెవుల్లోకి గాలి పోకుండా తలకు గుడ్డ కట్టి, మెత్తని పాత చీర ముక్కలో చుట్టి తల్లి ఒడిలో పెడుతుంది. బండి మెల్లగా పోనివ్వమని డ్రైవరుకు నాలుగుసార్లు చెబుతారు. గాలి నుంచీ దిష్టి నుంచీ అంత శ్రద్ధగా బిడ్డను కాపాడుకునే ఆ కుటుంబం, ఆ పూట బిడ్డకు ఎదురుకాగల అసలు ప్రమాదం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగదు. అలాంటి ప్రశ్న ఒకటి ఉందని వైద్యులమైన మేమే వాళ్లకు చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం చాలాకాలం నాకూ తెలియకపోవడమే. నా కొడుకు పుట్టినప్పుడు గుంటూరు నుంచి నరసరావుపేటకు నేనూ అలాగే తీసుకువెళ్లాను. ముందు సీటు, ఒళ్లో బిడ్డ, నాకు బెల్టు కూడా లేదు. ఏమీ కాలేదు. ఏమీ కాకుండా ఇల్లు చేరిన ప్రతి ప్రయాణమూ మనం చేసింది సరైన పనేనని మనకు నచ్చజెబుతుంది. నాకూ అలాగే నచ్చజెప్పింది.

చట్టం మాత్రం ఈ విషయంలో మౌనంగా లేదు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లు నిండని పిల్లలకు సీటు బెల్టు గానీ, పిల్లల కోసం తయారైన రక్షణ సీటు గానీ లేకుండా వాహనం నడిపినా, నడపనిచ్చినా వెయ్యి రూపాయల జరిమానా ఉంది. ఒడికి ఆ సెక్షన్‌లో మినహాయింపు లేదు. కాబట్టి మా ఆసుపత్రి మెట్ల దగ్గర కదిలే ప్రతి కారూ కదిలిన క్షణం నుంచే చట్టాన్ని దాటుతోంది. అదే సెక్షన్‌లో 'గానీ' అన్న చిన్న మాట మరో చిక్కు తెచ్చిపెట్టింది. రెండేళ్ల బిడ్డకు పెద్దవాళ్ల బెల్టు బిగించినా చట్టం దృష్టిలో పని పూర్తయినట్టే, కానీ ఆ వయసు బిడ్డకు ఆ బెల్టు చేసే మేలు తక్కువ, కొన్నిసార్లు కీడు ఎక్కువ. ఏ వయసుకు, ఏ ఎత్తుకు, ఏ సీటు అన్న వివరణ తెలుగులో, తల్లిదండ్రులకు అర్థమయ్యే మాటల్లో, మీ శాఖల పేరుతో వెలువడాలన్నది ఈ లేఖలోని మొదటి విన్నపం.

ఒడి ఎందుకు చాలదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, పదో తరగతి భౌతికశాస్త్రం చాలు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనినైనా ఢీకొని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకుందాం. లోపలి ప్రతి వస్తువూ ఆ కొద్ది క్షణం తన బరువుకు దాదాపు 14 రెట్ల బలంతో ముందుకు దూసుకుపోతుంది. పది కిలోల బిడ్డ తల్లి చేతులకు 140 కిలోల బరువై తగులుతుంది. ఇది సగటు లెక్క, మధ్యలో ఒక్క క్షణం అంతకు మించుతుంది. అదే వేగాన్ని ఎత్తులోకి మార్చి చూస్తే మూడో అంతస్తు నుంచి కింద పడటంతో సమానం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన 120 కిలోమీటర్ల వేగానికి లెక్క వేస్తే ఆ ఎత్తు 56 మీటర్లు దాటుతుంది. తల్లి బెల్టు పెట్టుకోకపోతే పరిస్థితి ఇంకా ఘోరం. ఆమె శరీరమే వెనక నుంచి వచ్చి బిడ్డను డాష్‌బోర్డుకు అదుముతుంది. తల్లీ బిడ్డలిద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టినా జరిగేది అదే.

ఇది ఊహ కాదని నిరూపించిన వాళ్లలో మన దేశస్థుడొకరు ఉన్నారు. తర్వాతి కాలంలో ఢిల్లీ ఐఐటీలో రోడ్డు భద్రత పరిశోధనకు పునాది వేసి, 2021లో కోవిడ్‌తో కన్నుమూసిన దినేష్ మోహన్, అమెరికాలో ఉండగా లారెన్స్ ష్నైడర్‌తో కలిసి 1979లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఒళ్లో ఉన్న శిశువును పెద్దవాళ్లు ఎంత బలంతో పట్టుకోగలరో వాళ్లు కొలిచి చూశారు. తాము బెల్టు పెట్టుకుని, సిద్ధంగా ఉండి, రెండు చేతులా పొదివి పట్టుకున్నా కూడా, ఓ మోస్తరు వేగంలో జరిగే ఢీలో శిశువును నిలిపి ఉంచడం పెద్దల చేతుల బలానికి మించిన పని అని వాళ్ల కొలతలు తేల్చాయి. నిజమైన ప్రమాదంలో తల్లి సిద్ధంగా ఉండదు. కునుకు తీస్తూనో, ఫోన్‌లో మాట్లాడుతూనో, పాలిస్తూనో ఉంటుంది. నలభై ఏళ్ల కిందటే ఒక భారతీయుడు కొలిచి పెట్టిన విషయం మా వైద్య పాఠ్యపుస్తకాల్లో నాకు ఎదురుపడలేదు. ఈ మాట సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మనది ప్రత్యేకమైన సంస్కృతి, ఇక్కడ తల్లి ఒడి నుంచి బిడ్డను వేరు చేయలేమని నాతో వాదించిన అధికారులు ఉన్నారు. వారికి నేను టెనసీ కథ చెబుతుంటాను. ప్రపంచంలో పిల్లల సీటును చట్టంతో తప్పనిసరి చేసిన తొలి ప్రాంతాల్లో అమెరికాలోని టెనసీ రాష్ట్రం ఒకటి, ఆ దేశంలోనైతే అదే మొదటిది. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల వైద్యుడు పట్టుపట్టి తిరగగా 1977లో శాసనసభ ఆమోదించిన ఆ చట్టం 1978 జనవరి 1న అమలులోకి వచ్చింది. అయితే ఆమోదం పొందే ముందు శాసనసభ్యులు అందులో ఒక మినహాయింపు చేర్చారు. పెద్దవాళ్ల చేతుల్లో ఉన్న బిడ్డకు సీటు అక్కర్లేదన్నారు. తల్లి చేతుల మీద అక్కడి వాళ్లకున్న నమ్మకం మన నమ్మకం కంటే తక్కువేమీ కాదు. శాండర్స్ ఆ మినహాయింపుకు 'పిల్లల్ని నలిపేసే సవరణ' అని పేరు పెట్టి, దాన్ని తీసేసేదాకా ఊరుకోలేదు. 1981లో అది రద్దయింది. 1985 నాటికి ఆ దేశంలోని 50 రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో అలాంటి చట్టం చేసుకున్నాయి. 2019లో మన పార్లమెంటు అటువంటి మినహాయింపు పెట్టలేదు. కాగితం మీద మనం 1981 నాటి టెనసీ స్థాయికి చేరుకున్నాం. రోడ్డు మీద మాత్రం 1977కు ముందే ఉన్నాం.

సీటు ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే 'పసికందును అలా కట్టిపడేస్తారా' అన్న మాట దగ్గరే చాలా ఇళ్లలో చర్చ ముగిసిపోతుంది. పుట్టిన బిడ్డ పొడవులో తల వాటా పావు వంతు ఉంటుంది, పెద్దవాళ్లలో అది ఏడెనిమిదో వంతు. మూడో నెలలో మెడ నిలిచిందని మనం మురిసిపోతాం, కానీ నిలిచేది కండరాల బలం. మెడ ఎముకల విడి భాగాలు పూర్తిగా అతుక్కుని గట్టిపడటానికి ఆ తర్వాత కొన్నేళ్లు పడుతుంది. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డకు ఢీ తగిలితే, మొండెం పట్టీల దగ్గర ఆగిపోయి బరువైన తల ముందుకు విసురుగా పోతుంది. ఆ లాగుడంతా మెడ మీద, అందులోని వెన్నుపాము మీద పడుతుంది. వీపు బండి ముందువైపుకు ఉండేలా, అంటే బిడ్డ వెనక అద్దం వైపు చూసేలా సీటు అమరిస్తే, అదే బలం తల, మెడ, వీపు మొత్తం మీద పరుచుకుని సీటు చిప్పలోకి ఇంకిపోతుంది. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960ల మొదట్లో ఈ ఆలోచన చేశారు. జెమిని అంతరిక్ష నౌకలో వ్యోమగాములు వీపు ఆనించి పడుకునే ఆసనాలను చూసి ఆయనకు ఇది తట్టిందట. 1964లో వోల్వో కారులో తొలి నమూనాను పరీక్షించారు. నేటికీ స్వీడన్‌లో పిల్లలు నాలుగేళ్ల దాకా వెనక్కి తిరిగే ప్రయాణిస్తారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్లదాకా వెనక్కి తిప్పమన్న పాత గీతను 2018లో తీసేసి, సీటు తయారీదారు చెప్పిన బరువు, ఎత్తు మించేదాకా వెనక్కే తిప్పి కూర్చోబెట్టమని చెప్పింది.

అక్కడి రవాణా భద్రతా సంస్థ లెక్క ప్రకారం, కార్లలో సరైన సీటు ఏడాదిలోపు శిశువుల మరణాలను 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలను 54 శాతం తగ్గిస్తుంది. నేను రోజూ రాసే మందుల్లో ఇంతటి ఫలితం చూపేవి ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నాలుగేళ్లు దాటాక ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి నుంచి వచ్చింది. అక్కడి వైద్యులు ఫ్లోరా విన్‌స్టన్, డెనిస్ డర్బిన్ 1990ల చివర్లో ఒక పెద్ద బీమా సంస్థతో కలిసి పని మొదలుపెట్టారు. పిల్లలున్న కారు ప్రమాదానికి గురై బీమా సంస్థకు క్లెయిము అందిన వెంటనే, తల్లిదండ్రుల అనుమతితో వాళ్లకు ఫోన్ చేసి, బిడ్డ ఎక్కడ కూర్చుంది, ఏ పట్టీ పెట్టారు, ఎక్కడ దెబ్బ తగిలింది అని అడిగి రాసుకున్నారు. ఇలా దాదాపు పదేళ్లు సాగింది. 2000లో వెలువరించిన వారి తొలి ఫలితాల్లో ఒకటి, రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు తొందరపడి పెద్దవాళ్ల బెల్టు పెడితే, పిల్లల సీటులో ఉన్నవారితో పోలిస్తే తీవ్రమైన గాయాల ముప్పు మూడున్నర రెట్లు ఉంటుందని తేల్చింది. కారణం శరీర నిర్మాణంలో ఉంది. నడుము పట్టీ ఆనుకోవలసిన కటి ఎముక అంచులు పదేళ్ల వయసు దగ్గరపడేదాకా సరిగ్గా తేలవు. పట్టీ జారి పొట్ట మీదికి ఎక్కుతుంది, భుజం పట్టీ గొంతుకు రాసుకుంటుంటే బిడ్డ దాన్ని చంక కిందికి నెట్టేస్తుంది. ఢీ తగిలినప్పుడు పేగులు చిట్లడం, నడుము దగ్గర వెన్నుపూస విరగడం కలిసి వస్తాయి. బిడ్డను కొంచెం ఎత్తులో కూర్చోబెట్టి పట్టీని తుంటి మీదికి, భుజం మీదికి తెచ్చే బూస్టర్ సీటు చేసే పని ఇంతే, కానీ అదే వారి తర్వాతి లెక్కల్లో నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల గాయాల ముప్పును 45 శాతం తగ్గించింది. బూస్టర్ మానడానికి 135 నుంచి 150 సెంటీమీటర్ల మధ్య ఒక్కో దేశం ఒక్కో ఎత్తును గీతగా పెట్టుకుంది. మన పిల్లలు ఆ ఎత్తు చేరేసరికి ఐదు, ఆరు తరగతులకు వస్తారు. ఒకటో తరగతి పిల్లవాడు 'పెద్దవాడయ్యాడు' అనుకుని ముందు సీటు ఇచ్చే తండ్రులు దయచేసి ఈ మాట గమనించాలి.

ఈ పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఫలితం కంటే పద్ధతి. మన కేంద్ర రవాణా శాఖ ఏటా ప్రకటించే నివేదిక ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వారిలో 18 ఏళ్లలోపు వారు 9,528 మంది. బెల్టు పెట్టుకోక చనిపోయిన 16,715 మందిలో దాదాపు సగం, అంటే 8,331 మంది, బండి నడపకుండా పక్కనో వెనకనో కూర్చున్న వాళ్లు. అయితే ఒడిలో ఉండి చనిపోయిన పిల్లలకు ఆ పట్టికల్లో వేరే వరస లేదు. ప్రమాద స్థలంలో పోలీసులు వివరాలు నమోదు చేసే యాప్ ఇప్పటికే ఉంది. 14 ఏళ్లలోపు బిడ్డ వాహనంలో ఉంటే, ఎక్కడ కూర్చుంది, దేనితో కట్టి ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు తప్పక రాయాలని మీరు ఆదేశిస్తే, మూడేళ్లలో మన దగ్గర కూడా ఒక ఫిలడెల్ఫియా తయారవుతుంది. ఆ సమాచారాన్ని వైద్య కళాశాలలకు, పేర్లు తీసేసి, అందుబాటులో ఉంచండి. పీజీ విద్యార్థులకు థీసిస్ అంశాలు దొరక్క పాతవే తిరగరాస్తున్న రోజులివి.

ఇక ముందు సీటు సంగతి. ఈ లేఖలో అన్నిటికంటే అత్యవసరమైన విషయం ఇదే. 2021లో వచ్చిన నిబంధనతో, 2022 నుంచి తయారయ్యే కార్లన్నిటికీ డ్రైవరు పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. అది పెద్దవాళ్ల ప్రాణాలు కాపాడుతుంది. కానీ రెప్ప వేసేలోపు, భయంకరమైన వేగంతో విచ్చుకునే ఆ సంచికి, తల్లి ఒడిలో బిడ్డ తల ఉండే చోటు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో కేరళలోని మలప్పురం జిల్లాలో ముందు సీటులో తల్లి ఒడిలో ఉన్న రెండేళ్ల పాప ఇలాగే ప్రాణం కోల్పోయింది. అదే ఏడాది డిసెంబరులో నవీ ముంబైలో ముందు సీటులో ఉన్న ఆరేళ్ల బాబు. నా కొడుకును నేను ముందు సీటులో తీసుకువెళ్లిన కారులో ఎయిర్‌బ్యాగ్ లేదు. ఈ రోజు మా ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగే కొత్త కార్లన్నిటిలోనూ ఉంది. అంటే అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న అలవాటు గత మూడు నాలుగేళ్లలో మన కళ్లముందే మరింత ప్రమాదకరంగా మారిపోయింది, మనం మాత్రం దాన్ని అలాగే కొనసాగిస్తున్నాం.

మలప్పురం ఘటన తర్వాత కేరళ రవాణా కమిషనర్ అక్టోబరులో అవగాహన, నవంబరులో హెచ్చరిక, డిసెంబరు నుంచి జరిమానా అంటూ పిల్లల సీట్ల మీద ప్రకటన చేశారు. కొద్ది రోజుల్లోనే రవాణా మంత్రి జరిమానాలు ఉండవని వెనక్కి తీసుకున్నారు. సీట్లు అందుబాటులో లేనిదే బలవంతం చేయడం ఎలా అన్న ప్రశ్న న్యాయమైనదే. దాని నుంచి మనం నేర్చుకోవలసింది వరస మార్చడం. సీటు కొనమనడానికి డబ్బు కావాలి, దుకాణం కావాలి, సమయం కావాలి. బిడ్డను వెనక సీటులోకి మార్చమనడానికి ఏమీ అక్కర్లేదు. కాబట్టి 12 ఏళ్లలోపు పిల్లలు ముందు సీటులో, అందునా ఒడిలో ఉంటే ఆపి వెనక్కి పంపే తనిఖీలు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. తొలి నెలలు జరిమానా కూడా వద్దు, బండి పక్కకు ఆపి, బిడ్డను వెనక్కి మార్చి, అప్పుడే కదలనిస్తే చాలు. ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు మీ అధికారులు స్కూలు బస్సుల ఫిట్‌నెస్ తనిఖీ చేస్తారు, అది మంచి ఆచారం. సొంత కారులో సొంత బిడ్డకు కూడా అలాంటి నెల ఒకటి కేటాయించండి.

కారు కొనేవాళ్ల విషయంలో ఒక చిన్న పక్కమాట. 2023 అక్టోబరు నుంచి అమలులో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ అనే కార్ల భద్రతా పరీక్షల్లో పిల్లల భద్రతకు విడిగా నక్షత్రాలు ఇస్తారు, మొత్తం 49 మార్కులు. ఆ పరీక్షలో ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల పరిమాణంలో ఉన్న బొమ్మలను పిల్లల సీట్లలో కూర్చోబెట్టి కారును ఢీకొట్టిస్తారు. ఐదు నక్షత్రాలని షోరూమ్‌లో గొప్పగా చెప్పి అమ్మే ఆ కారును కొని, సీటు కొనకుండా బిడ్డను ఒడిలో పెట్టుకుంటే ఆ నక్షత్రాలు బొమ్మలకే చెందుతాయి. సీటు కవర్లకు, మ్యాట్లకు, సౌండ్ సిస్టమ్‌కు పాతిక వేలు పెట్టే కుటుంబానికి ఈ మాట డీలరు చెప్పాలి. డీలరు చెప్పేలా మీరు చూడాలి.

వైద్య ఆరోగ్య శాఖ కార్యదర్శులకు నా అసలు విన్నపం 102 వాహనాల గురించి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లినీ బిడ్డనూ ఉచితంగా ఇంటికి చేర్చే సేవ రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తల్లీ బిడ్డ ఎక్స్‌ప్రెస్, 2022 ఏప్రిల్‌లో ఒక్కసారే 500 ఏసీ వాహనాలు చేర్చారు. తెలంగాణలో దాని పేరే అమ్మ ఒడి. పేదింటి బాలింత ఆటోలో కుదుపులు తింటూ పోవలసిన అవసరం తప్పించిన ఈ సేవను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. బిడ్డ జీవితంలో తొలి ప్రయాణానికి ప్రభుత్వమే వాహనం, ప్రభుత్వమే డ్రైవరు అయినప్పుడు, ఆ ప్రయాణం ఎలా ఉండాలో చూపించే అవకాశం కూడా ప్రభుత్వానిదే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1980లో తొలి ప్రయాణమే సురక్షిత ప్రయాణం కావాలన్న నినాదంతో ప్రసూతి ఆసుపత్రుల నుంచే ఉద్యమం మొదలుపెట్టడం ఇందుకే. ఒక్కో రాష్ట్రంలో ఒక్క జిల్లా ఎంచుకుని, అక్కడి 102 వాహనాల వెనక సీటులో మూడు చోట్ల బిగిసే బెల్టుతో, వెనక్కి తిరిగి ఉండే శిశువు సీటు ఒకటి అమర్చండి. ఉతికి మార్చగల గుడ్డలు రెండు జతలు ఉండాలి, ఒక బిడ్డ తర్వాత మరో బిడ్డకు ఇన్‌ఫెక్షన్ రాకూడదు. ఏసీ ఉన్న బండిలో దుప్పటి చుట్టిన బిడ్డకు పట్టీలు వదులవుతాయి, కాబట్టి ముందు పట్టీ బిగించి ఆ పైన దుప్పటి కప్పడం డ్రైవరుకు, ఆశా కార్యకర్తకు నేర్పాలి. నెలలు నిండక, బరువు తక్కువతో పుట్టిన పిల్లలు అలా వాలి కూర్చున్నప్పుడు గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి ఆడక ఇబ్బంది పడవచ్చు. వాళ్లను పంపే ముందు ఆసుపత్రిలోనే ఆ సీటులో కాసేపు కూర్చోబెట్టి ఆక్సిజన్ శాతం చూడటం మా వైద్యుల పని. ఆ పని మేము చేస్తాం.

మామూలు కుటుంబాలకు పది వేలకు అటూ ఇటూ ఖరీదు చేసే సీటు, అందునా ఏడాదికే చిన్నదైపోయే శిశువు సీటు కొనమనడం సులువు కాదు. ఏరియా ఆసుపత్రుల్లో, పెద్ద ప్రసూతి కేంద్రాల్లో కొంత డిపాజిట్ తీసుకుని అద్దెకో అరువుకో ఇచ్చే ఏర్పాటు సాధ్యమే. ఒక్క షరతు, ప్రమాదానికి గురైన సీటు మళ్లీ వాడుకకు పోకూడదు. ఇచ్చేటప్పుడు బిగించి చూపించే మనిషి కూడా ఉండాలి. అంత అలవాటున్న అమెరికాలోనే 2011 నాటి సర్వేలో 46 శాతం సీట్లు ఏదో ఒక తప్పుతో బిగించి ఉన్నాయట. తల్లీ బిడ్డ సంరక్షణ కార్డులో ఆరు వారాల టీకా, తొమ్మిది నెలల టీకా గడుల పక్కన సీటు గురించి ఒక్కో వాక్యం అచ్చు వేయించండి. తొమ్మిదో నెల టీకాకు వచ్చినప్పుడే తల్లులు బిడ్డను ముందుకు తిప్పేయవచ్చా అని అడిగే కాలం రావాలని నా ఆశ. ప్రచారం ఒక్కటే చేసి సరిపెట్టుకోవద్దని కూడా విన్నవిస్తున్నాను. పాత పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టిన అమెరికా ప్రజారోగ్య నిపుణుల బృందం 2001లో తేల్చింది ఇదే. చట్టం, సీట్ల పంపిణీతో కలిసిన బోధన, ప్రచారంతో కలిసిన తనిఖీ ఫలితమిచ్చాయి. ఉత్త బోధనకు మాత్రం చాలినంత రుజువు దొరకలేదు. పోస్టర్ విడుదల చేసి ఫోటో దిగడం మనకు అలవాటైన పని, అందుకే ఈ వాక్యం రాయక తప్పలేదు.

అమెరికాలో కూతురి పురుడు పోయడానికి వెళ్లి వచ్చిన అమ్మమ్మలు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. అక్కడి ఆసుపత్రిలో కారు సీటు చూశాకే బిడ్డను చేతికిచ్చారని, మొదటి రోజు గుక్కపట్టి ఏడుస్తున్నా పట్టీలు విప్పనివ్వలేదని, అల్లుడి మీద కోపం వచ్చిందని చెబుతారు. అదే మనవరాలు సెలవులకు వచ్చి శంషాబాద్ విమానాశ్రయం బయట కారెక్కగానే అమ్మమ్మ ఒడిలోకి చేరుతుంది. సీటు అక్కడే వదిలేసి వచ్చారు, ఇక్కడి ట్యాక్సీలో దొరకదు. భౌతికశాస్త్రానికి వీసా అవసరం లేదని ఆ అల్లుళ్లకు నేను సరదాగా అంటుంటాను. విమానాశ్రయాల నుంచి నడిచే ట్యాక్సీ సంస్థలు అడిగినవారికి పిల్లల సీటు ఇవ్వాలని అనుమతుల షరతుల్లో చేర్చడం రవాణా శాఖ చేతిలో పనే.

మన పిల్లల్లో ఎక్కువమంది ప్రయాణించేది ద్విచక్ర వాహనాల మీద అన్న సంగతి నేను మరవలేదు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ చట్టం ప్రకారం హెల్మెట్ తప్పనిసరి. అంతకంటే చిన్నవాళ్లకు నడిపేవారితో కలిపి కట్టే పట్టీ, తొమ్మిది నెలలు నిండితే హెల్మెట్, 40 కిలోమీటర్లకు మించని వేగం ఉండాలని 2022 ఫిబ్రవరి 15న వచ్చిన నిబంధన ఏడాది తర్వాత అమలులోకి వచ్చింది. ఆ పట్టీ నిద్రలో తూలి పడిపోకుండా ఆపుతుంది. కారు సీటులా ఢీని తట్టుకుంటుందని మాత్రం అనుకోకూడదు. హెల్మెట్‌కు ఉన్న రుజువు గట్టిది. ప్రపంచ పరిశోధనలను కూర్చిన 2008 నాటి సమీక్షలో అది తలగాయాన్ని 69 శాతం, మరణాన్ని 42 శాతం తగ్గించింది. స్కూటీ ముందు నిలబెట్టిన నాలుగేళ్ల పిల్లవాడి గడ్డం సరిగ్గా హ్యాండిల్ ఎత్తులో ఉంటుంది. తండ్రి తలకు హెల్మెట్ చూసి వదిలేసే కానిస్టేబుల్ కళ్లు అరగజం కిందికి దిగితే చాలు.

చివరిగా ఒక లెక్క. ఏటా సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు పోయే కార్లు పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరుతాయి. ఎన్ని వేల వాహనాలు దాటాయో ఛానళ్లు గంట గంటకూ చెబుతాయి. ఆ వాహనాల్లో ఎంతమంది పిల్లలు ముందు సీటులో ఉన్నారు, ఎంతమంది ఒడిలో ఉన్నారు, ఎంతమందికి బెల్టు ఉంది, ఎన్ని కార్లలో పిల్లల సీటు ఉంది అన్నది కూడా లెక్కించవచ్చు. ఫాస్టాగ్ ఉన్నా ఆ రద్దీలో బండ్లు నడక వేగంతోనే కదులుతాయి, అద్దంలోంచి చూసి రాసుకోవడానికి అంతకంటే అనువైన చోటు లేదు. తెలంగాణ వైపు పంతంగి దగ్గర, ఆంధ్రప్రదేశ్ వైపు చిల్లకల్లు దగ్గర, వచ్చే భోగికి ముందు మూడు రోజులు, పగటిపూట ఈ లెక్క తీయాలని ప్రతిపాదిస్తున్నాను. అదే పని ఆ పై సంవత్సరం మళ్లీ చేస్తే, మీరు చేపట్టిన తనిఖీలు పనిచేశాయో లేదో ఎవరి మాటల మీదా ఆధారపడకుండా తెలిసిపోతుంది. పిల్లల వైద్యులం, వైద్య విద్యార్థులం కలిసి ఆ మూడు రోజులూ వంతులవారీగా నిలబడటానికి సిద్ధంగా ఉన్నాం. ఫారాలు మేమే అచ్చు వేయించుకుంటాం, భోజనం మేమే తెచ్చుకుంటాం. టోల్ ప్లాజాలో నిలబడటానికి అనుమతి పత్రం, రెండు పక్కలా ఒక్కో కానిస్టేబుల్ మీరు ఇప్పించాలి. డిసెంబరు 15లోగా జవాబు వస్తే డ్యూటీ జాబితా వేసుకోవడానికి మాకు వీలుగా ఉంటుంది.

భవదీయురాలు,
ఒక పిల్లల వైద్యురాలు